పురిటింట్లోకి పోయిన బొంత

మొన్న వానకు మా నంద్యాల ఇంట్లో కరెంటు పోయింది. వేరే పని తోచక, ఆరు నెలలుగా కుర్చీ మీద పేరుకుపోయిన చిరుగుల మూటను ముందేసుకున్నాను. ఫాల్ ఊడిన చీరలు, హుక్కులు లేని జాకెట్లు, మోకాలి దగ్గర చిరిగిన మా ఆయన పైజామా. వాటి జోలికి పోకముందే కుట్టుపెట్టె నా ఓపికంతా తినేసింది. దారాలన్నీ చిక్కులు. బిస్కెట్ డబ్బా నిండా గుండీలే, ఒక్కదానికీ జత లేదు. ఛీ, ఇదీ ఒక పెట్టేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ డబ్బా అడుగున జానెడు గుడ్డముక్క దొరికింది. ఆకుపచ్చ నూలు, ఎర్ర అంచు. అమ్మ చీరది.

అమ్మ పోయాక ఆమె చీరలు అక్కకు రెండు, నాకు రెండు వచ్చాయి. అక్క తన వాటావి ఎప్పుడో స్టీలు సామాన్లవాడికి వేసేసింది. నావి ఏళ్ల తరబడి ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి. ఆళ్లగడ్డలో అక్క కూతురికి కానుపు దగ్గర పడిందని తెలిశాక వాటితో బొంత మొదలుపెట్టాను. మా వైపు పసిబిడ్డకు మొదట మెత్తబడిన పాత గుడ్డే వేస్తారు, కొత్తది తాకించరు. నెలరోజులు చేత్తోనే కుట్టాను. నా చేతిపనిని అక్క ఏనాడూ మెచ్చుకోలేదు. ఈసారైనా ఒక్క మాట అంటుందని ఆశ.

బిడ్డ పుట్టిన మూడో రోజే బస్సెక్కి, బొంతను తిన్నగా పురిటిగదిలోకే తీసుకుపోయి ఇచ్చాను.

"బాగుందిలే మే, ఆడ పెట్టు" అన్నది అక్క. అంతే.

పదకొండో రోజు పురుడుకు మళ్లీ వెళ్తే ఉయ్యాలలో కొత్త దుప్పటి ఉంది.

"బొంత యాడక్కా?"

"పురిటి గుడ్డలు ఇంట్లో పెట్టుకుంటారా మే? బట్టలుతికే ఆమెకు ఇచ్చేసినాం."

"అది అమ్మ చీర గదక్కా!"

"పాత గుడ్డే గదా. ఏందీ, శుభమా అని పురుడు చేస్తాంటే ఏడుస్తాండావ్?"

అన్నం ముట్టకుండా బయటికి వచ్చేశాను. బట్టలుతికే ఆమెను అడుగుదామని వీధి చివరిదాకా నడిచాను కూడా. ఇచ్చేసిన గుడ్డను వెనక్కి అడగడానికి మొహం చెల్లక బస్టాండుకు తిరిగాను. అప్పటినుంచి అక్కతో మాటలు అంతంతమాత్రమే.

మొన్న ఆ ముక్కను చూడగానే కడుపు మండి అక్కకు ఫోన్ చేశాను. అమ్మ గుర్తును పారేశావు, నీకు చేతులెట్లా వచ్చాయని అడిగేశాను.

"ఇంగా అదేనా మే? పురిటింట్లోకి పోయిన గుడ్డ మళ్లీ ఇంట్లోకి రాదని నీకు తెలీదా? మూడోనాడే తెమ్మని నేనేమన్నా అడిగినానా? పురుడైనాక తెచ్చింటే ఈపొద్దుకీ బిడ్డ దాని మీదే పండుకుంటాండె."

ఫోన్ పెట్టేశాను. ఇద్దరు బిడ్డలను కన్నదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి! తెలుసు. ఒక్క మెప్పు కోసం ఎనిమిది రోజులు ఆగలేకపోయాను.

పైజామా మోకాలికి అతుకు వేద్దామని గుడ్డ వెతికితే, సరిపోయేది ఆ ముక్క ఒక్కటే. దాన్ని మళ్లీ గుండీల కిందే పెట్టేసి, పైజామాను చిరుగుతోనే కుర్చీ మీదికి విసిరేశాను.