లీల జడ ఎవరు వేశారు?

ఎవరైనా దెయ్యాల కథ మొదలెడితే నవ్వేసి, లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళే రకం నేను. ఇప్పుడు నేనే చెప్పాల్సి రావడం ఒక సిగ్గు. అసలు సిగ్గు వేరే ఉంది.

మా చెల్లెలు రమ్య చెరోకీ అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన అబ్బాయిని చేసుకుంది. వాళ్ళ పాప లీల నెలల పిల్లగా ఉన్నప్పుడే కారు యాక్సిడెంట్‌లో ఇద్దరూ పోయారు. నార్త్ కరొలైనా కొండల్లో ఉండే నాన్నమ్మా తాతయ్యలే లీలని పెంచుతున్నారు. మేముండేది జార్జియాలో, కమ్మింగ్‌లో.

పిల్లకి ఏడేళ్ళు వచ్చినా పుట్టువెంట్రుకలు తీయలేదని మా అమ్మ ఒకటే గోల. మొక్కు ఉందట. మేనమామని కదా, మొదటి కత్తెర నాదే. పెంచినవాళ్ళని ఒక్క మాట అడక్కుండా గుడిలో శనివారానికి బుక్ చేసేసి, శుక్రవారం లీలని తీసుకురావడానికి వాళ్ళింటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను.

భోజనాల దగ్గర విషయం చెప్పాను. తాతయ్య చెంచా కింద పెట్టేశాడు. నాన్నమ్మ నెమ్మదిగా అంది: "మా అమ్మని చిన్నప్పుడు గవర్నమెంటువాళ్ళు తెల్లవాళ్ళ బడికి పట్టుకెళ్ళి, మా పద్ధతులు మాన్పించాలని జుట్టు కత్తిరించేశారు. పోయేదాకా ఆ సంగతి చెప్పి ఏడ్చేది. ఈ పిల్ల జుట్టు ఎవరినీ ముట్టుకోనివ్వను."

"జుట్టే కదండీ, మళ్ళీ పెరుగుతుంది" అన్నాను. ఆ పెద్దావిడ మొహం చూశాకైనా ఆగొచ్చుగా! "రమ్య ఉంటే ఒప్పుకునేది" అని కూడా అనేశాను. లీల రెండు చేతులతో తల పట్టుకుని లోపలికి పారిపోయింది.

తెల్లవారాక, సోఫాలో పడుకున్న నన్ను లీలే లేపింది. రాత్రి విరబోసుకుని ఉన్న జుట్టు ఇప్పుడు నాలుగు పాయల జడ. మా ఇంట్లో ఆ జడ అమ్మకీ రమ్యకీ మాత్రమే వచ్చు. రమ్యది ఎడమచేతి వాటం, తను అల్లితే జడ కాస్త కుడివైపుకి ఒరిగేది. ఇదీ అలాగే ఒరిగింది.

నాన్నమ్మకి భుజం నొప్పి, చెయ్యి పైకి లేవదు. తాతయ్యకి దువ్వి రబ్బరు బ్యాండు వేయడమే తెలుసు. నాకు ఏ జడా రాదు. వీధి తలుపు నా సోఫా పక్కనే ఉంది, ఎవరూ రాలేదు. ఏడేళ్ళ పిల్ల తన వీపు వెనకాల అంత బిగువుగా అల్లుకోగలదా?

"ఎవరు వేశారే?" అన్నాను.

"మామ్. షి సెడ్, గో షో మామ." వాళ్ళమ్మట. వెళ్ళి మామకి చూపించమందట.

గుమ్మంలో నిలబడ్డ నాన్నమ్మ ఆ జడ చూసి కుర్చీలో కూలబడింది. నాకు తల ఎత్తాలనిపించలేదు. వాళ్ళిద్దరికీ క్షమాపణ చెప్పి, గుడికి ఫోన్ చేసి బుకింగ్ క్యాన్సిల్ చేశాను. అడిగి మరీ జడకి ఒక ఫొటో తీసుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మకి చూపించాను. "ఎవరు వేశార్రా?" అంది.

"వాళ్ళ నాన్నమ్మ" అని అబద్ధమాడాను.

అమ్మ ఫోను మీద, కుడివైపుకి ఒరిగిన ఆ జడ పొడుగునా వేలితో నిమిరింది. "నిన్నెందుకు పంపానురా" అని ఏడ్చింది. మొక్కు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ జడ సంగతి నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. లీల ఫోన్ చేసినప్పుడల్లా, మీ అమ్మ మళ్ళీ వచ్చిందా అని అడగాలనిపిస్తుంది. ఏ మొహం పెట్టుకుని అడగను?