బాలసుబ్బయ్య గారి ఆకాశ గాలం

జమ్మలమడుగు ప్రాంత చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయదలిస్తే, కోటలూ యుద్ధాలూ కరువులూ అయ్యాక, బాలసుబ్బయ్య గారు ఎర మీద మూడుసార్లు ఉమ్మే అలవాటుకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ఇది చిన్న విషయం కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా, ఏ ఆదివారమూ తప్పకుండా, మైలవరం జలాశయం ఒడ్డున ఉదయం ఏడు గంటల ప్రాంతంలో జరుగుతున్న క్రియ ఇది. మొదటి ఉమ్ము దిష్టికి. రెండోది అదృష్టానికి. మూడోది దేనికో ఆయనకే తెలియదు. కానీ రెండుతో ఆపిన రోజున ఒక్క చేపా పడలేదని ఆయన దగ్గర రాతపూర్వకమైన ఆధారం ఉంది.

దీని గాంభీర్యం తెలియాలంటే ఆయన ఇంట్లో నీళ్ళు తాగడం చూడాలి. గ్లాసు పెదవికి తగలదు. జానెడెత్తున పట్టుకొని గొంతులోకి ధార వదులుతారు. తాతతండ్రులు పౌరోహిత్యం చేసినవాళ్ళు. ఎంగిలి అన్న మాట వింటేనే భుజాలు ముడుచుకునే వంశం. అటువంటి వంశంలో పుట్టిన మనిషి నలుగురి ముందూ పిండిముద్ద మీద తూ, తూ, తూ అనడం మామూలు తెగింపు కాదు.

అసలు ఈయనకు చేపలతో పనేమిటి? ఏ పనీ లేదు. చేప తినరు, వండనివ్వరు, అమ్మరు. ముప్పయ్యయిదో ఏట రక్తపోటు వస్తే, డాక్టరు వారానికొక రోజు నీళ్ళ దగ్గర ప్రశాంతంగా కూర్చోమన్నాడు. ఊరికే కూర్చుంటే జనం ఏమనుకుంటారోనని ఒక గాలం కొనుక్కున్నారు. దొరికిన చేపను దొరికినట్టే నీళ్ళలోకి వదిలేస్తారు. ఎరలో కూడా శాకాహార నియమం సడలలేదు. తవుడు, వేరుశనగ చెక్క, బెల్లం, వేయించిన శనగపిండి కలిపి మూడు రోజులు నానబెట్టిన ముద్ద అది. ఆ కుండ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని భార్య కాత్యాయని గారు పెళ్ళయిన నాలుగో ఏటే తీర్పు చెప్పారు. ఒడ్డు నుంచి వచ్చిన మనిషి కూడా పెరట్లో కొళాయి కింద తలస్నానం చేశాకే గడప దాటాలి.

ఉద్యోగరీత్యా ఆయన రికార్డు గది గుమాస్తా. పులివెందులలో రిటైరయ్యారు. ముప్పయ్నాలుగేళ్ళ సర్వీసులో ఆయన చేత్తో రాసిన నమోదుల్లో ఒక్క తప్పూ దొరకలేదు. కాగితం మీద సంతకంతో ఉన్నది నిజం, లేనిది పుకారు. ఆయన వేదాంతం అంతే.

అందుకే ఆ బొచ్చె చేప సంగతి ఆయన్ను అంతగా బాధించింది.

పెన్న పొంగిన ఒక సంవత్సరం, కార్తీకమాసపు తెల్లవారుజామున, జలాశయం నడుమ ఒక వీపు పైకి లేవడం ఆయన చూశారు. బోర్లించిన దోనెలాంటి వీపు. అరచేతంతేసి పొలుసులు. అది తొందర పడకుండా ఒక్కసారి పొర్లి, తోక చూపించి, కిందికి పోయింది. అలలు ఒడ్డుకు చేరడానికి చాలా సేపు పట్టింది. పక్కన ఎవరూ లేరు. సాక్షి లేడు, సంతకం లేదు. ఇన్నేళ్ళ జీవితంలో ఆధారం లేకుండా ఆయన చెప్పిన మాట అదొక్కటే.

ఒడ్డున టీ బంకు పెట్టుకున్న నారాయణకు ఆ మాట ఇరవై ఏళ్ళ మేత అయింది.

"ఏం సార్, మీ చేపకు మనమండ్లు పుట్టినారంట గదా?"

"నవ్వు నాయనా, నవ్వు."

"నవ్వేదేముంది సార్, నామకరణానికి పిలుస్తారని అడుగుతాండా."

కాత్యాయని గారు ఎప్పుడూ నవ్వలేదు. "మీరు చూశానంటే చూసే ఉంటారు లెండి," అనేవారు. నారాయణ ఎగతాళి కన్నా ఆ "లెండి" ఆయనకు ఎక్కువగా గుచ్చుకునేది.

చేప ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు. ఒడ్డుకు రెండువందల యాభై మీటర్ల దూరంలో, ఆనకట్ట కట్టకముందు పెన్న పారిన పాత దారి నీళ్ళ కింద ఉంది. ఆ చోట లోతు నలభై రెండడుగులని ఒక పాత ఫైలులో చూశారు. నల్లసిరా, ఇంజనీరు సంతకం, తేదీతో సహా. ఆ అంకెను జేబు పుస్తకంలో ఎక్కించుకున్నారు. అంత లోతు అవసరమైన చేప అంత పెద్దది కాక ఎలా ఉంటుంది? ఒకదాన్నొకటి బలపరిచే రెండు సాక్ష్యాలు. అడ్డొచ్చిందల్లా దూరమే. ఆయన విసురు నలభై మీటర్లు దాటదు. అదీ మంచి వయసులో.

ఈ ఏడాది ఉగాది తర్వాత కుడి భుజం పట్టేసింది. గాలం విసరడం మానుకోమని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆదివారాలు రెండు ఇంట్లోనే గడిచాయి. ఇక ఆ చేప ఉందని లోకానికి ఎవరు చెబుతారు? తాను పోతే తనతో పాటే ఆ మాటా అబద్ధంగా మిగిలిపోతుందన్న బెంగ పట్టుకుంది. మూడో ఆదివారం నాటికి ఇష్రత్ గుర్తొచ్చింది.

ఇష్రత్ మహిళా సంఘం సభ్యురాలు. శిక్షణ తీసుకొని, పెద్దముడియం వైపు శనగ చేలల్లో డ్రోన్‌తో మందు కొడుతుంది. ఆ డ్రోన్ కోసం సంఘం పెట్టుకున్న అర్జీ రాసిచ్చింది బాలసుబ్బయ్య గారే. రిటైరయ్యాక ఊరందరికీ అర్జీలు రాసిపెట్టడం ఆయన కాలక్షేపం. శనగ కోతలయి, ఎండలు ముదిరి, డ్రోన్ మూలన పడుంది.

"ఎర మోస్తుందా అమ్మా?" అని ఆయన అడిగారు, దేవుడి ముందు వరం అడిగినట్టు.

"పది లీటర్ల మందు మోసేదానికి ముద్ద ఒక లెక్కా సార్? ట్యాంకు కింద బట్టల క్లిప్పు కడ్తా. దారం దాంట్లో ఇరికిద్దాం. నడిమిట్లోకి పొయినాక మీరు ఈడ బిగబట్టండి, ఆడ క్లిప్పు వదుల్తాది."

"అంతేనా?"

"అంతే. ఏముంది దాంట్లో?"

ఇరవై ఏళ్ళ తపస్సుకు పరిష్కారమైన బట్టల క్లిప్పును ఆయన జేబు పుస్తకంలో ఎక్కించుకున్నారు.

ఆ ఆదివారం ఏడు గంటలకు ఒడ్డు మీద డ్రోన్ ఆరు చేతులు చాచి కూర్చుంది. నారాయణ టీ కాగుతున్న గిన్నె వదిలేసి వచ్చాడు. బర్రెలు తోలుకొచ్చిన తిరుపాలమ్మ వాటిని నీళ్ళలోకి వదిలి, కొంగు నెత్తిన వేసుకొని ఒక రాయి మీద చతికిలబడింది. బస్సు కోసం వచ్చిన నలుగురైదుగురు కూడా ఆగారు.

డ్రోన్ లేచింది. ఇసుకా, ఎండుటాకులూ, నారాయణ భుజాన ఉన్న తువ్వాలూ లేచాయి. నీళ్ళ అంచున నిలబడ్డ కొంగలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. నారింజకాయంత పిండిముద్ద గాలిలో ఊగుతూ, వెనకాల దారం మెరుస్తూ, నీళ్ళ మీద నీడ పరుచుకుంటూ వెళ్ళింది. నలభై మీటర్లు దాటింది. ఆయన ఎర జీవితంలో ఎన్నడూ చేరని చోట్లన్నీ దాటిపోతోంది. బాలసుబ్బయ్య గారు తెలియకుండానే చెప్పులు విడిచేశారు. చేతులు జోడించబోయారు గానీ గాలపు కర్ర అడ్డొచ్చింది.

అంతలో ఆయన ముఖం పాలిపోయింది.

"ఆపమ్మా! వెనక్కి పిలువు!"

"ఏమైంది సార్? దారం చిక్కుకున్యాదా?"

"ఉమ్మలేదు."

"ఏందీ?"

"ఎర మీద ఉమ్మలేదమ్మా!"

ఇష్రత్ ఆయన వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. "సార్, ఇది సర్కారు ట్రైనింగులో చెప్పలేదు," అంటూనే వెనక్కి తిప్పింది. డ్రోన్ వచ్చి మనిషెత్తున నిలబడింది. ఆయన ఆగలేక దాని కిందికి పోయి క్రియ మొదలుపెట్టారు. రెక్కల గాలి కిందికి కొడుతోంది. మూడు ఉమ్ములూ, ఒక్కటి కూడా తప్పకుండా, ఆయన ముఖానికే తిరిగి చేరాయి.

"దించుతా ఉండండి సార్! ఏం తొందరబ్బా!"

దించింది. ఆయన ముఖం తుడుచుకొని, విధిపూర్వకంగా మళ్ళీ మూడుసార్లు ముగించారు. బ్యాటరీ మార్చారు. డ్రోన్ రెండోసారి లేచింది.

అది పోయి పోయి తూనీగంత అయింది. "ఇంగ బిగబట్టండి," అంది ఇష్రత్. ఆయన దారం బిగించారు. దూరాన ఏదో చిన్నది రాలింది. చప్పుడు కూడా వినపడలేదు. పాత పెన్న మీద, నలభై రెండడుగుల చీకటి మీద, మనిషి చేత్తో కలిపిన ముద్ద మొట్టమొదటిసారి పడింది. గాలికి దారం ఇంకా జారుతూనే ఉంది. "దిగుతోంది," అన్నారాయన గుసగుసగా. "ఇంకా దిగుతోంది."

తర్వాత ఆగింది. ఆయన మెల్లగా చుట్టారు. దారం బిగిసింది. కర్ర వంగింది. అవతలిది కదల్లేదు.

ఇంకొంచెం లాగారు. అవతలిది కూడా, కోపం లేకుండా, బరువుగా లాగింది. వదిలింది. మళ్ళీ లాగింది. దారం ఊపిరి తీస్తున్నట్టుంది. చిన్న చేపలు కొట్టుకుంటాయి, పరుగులు పెడతాయి, భయపడతాయి. ఇది భయపడటం లేదు. ఇంతకాలం తనను పిలుస్తున్నది ఎవరా అని కింద కూర్చొని ఆలోచిస్తున్నట్టుంది.

"నారాయణా, ఇలా రా. ఈ దారం మీద వేలు పెట్టు."

నారాయణ వేలు పెట్టాడు. ముఖంలో ఉన్న నవ్వు మెల్లగా కిందికి దిగిపోయింది.

"సార్... ఇది పీకుతాంది సార్."

"ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను."

"ఏమన్నా తప్పుగా అనింటే మనసులో పెట్టుకోగాకండి," అన్నాడు నారాయణ, గొంతు తగ్గించి. పోయి మంచి కప్పులో టీ తెచ్చిచ్చాడు. బస్సు ఎక్కాల్సినవాళ్ళు బస్సు వదిలేసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, గుళ్ళో హారతి అద్దుకున్నట్టు దారాన్ని తాకి పక్కకు జరిగారు. ఇష్రత్ కూడా తాకింది. "యా అల్లా," అని వెంటనే వేలు తీసేసుకుంది.

గంట గడిచింది. రెండు గడిచాయి. భుజం మంటలు పుడుతోంది. ఆయన ఇంటికి ఫోన్ చేయించారు. ఇష్రత్ ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది.

"కాత్యాయనీ, పడింది."

"ఏం పడింది? మీరా?"

"చేప. ఆ చేప."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు. తర్వాత ఆమె చిన్నగా అడిగారు: "నిజంగానే ఉందా?"

ఇన్నేళ్ళూ ఆమె నమ్మలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు నమ్ముతోందని కూడా అప్పుడే తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉంది," అన్నారు.

"నేను రానా?" అన్నారు కాత్యాయని గారు. చేపల వాసన తగిలితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆ ఒడ్డు మొహం చూడని మనిషి.

"రా. ఆటో మాట్లాడుకొని రా."

ఆమె వచ్చేదాకా కర్ర వదలకూడదని ఆయన ఇసుకలో మడమలు తవ్వుకొని నిలబడ్డారు. దారం ఊపిరి తీస్తూనే ఉంది. జనం ఏభై మందయ్యారు. బొచ్చె ఎంత పెద్దదవుతుందని ఒకరు, దాని వయసెంతని ఒకరు, పుట్టి తెప్పిద్దామని ఒకరు. పుట్టి వద్దన్నారాయన. అంత లోతులో పుట్టి తిరగబడితే ఎవరు జవాబుదారీ? ఆయన జేబు పుస్తకం తీయించి, అంకె చదివించారు. నలభై రెండన్న మాట వినగానే పిల్లలున్నవాళ్ళు పిల్లల చేతులు పట్టుకున్నారు.

ఆటో వచ్చింది. కాత్యాయని గారు దిగి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకొని, ఇసుకలో నడిచి వచ్చి భర్త పక్కన నిలబడ్డారు. ఒక వేలు చాచి దారాన్ని తాకారు. ఆయన చెమటను కొంగుతో తుడిచారు.

అప్పుడే ఎవరో అరిచారు. "ఓయ్! తిరుపాలమ్మ నీళ్ళలోకి పోతాంది!"

బర్రెల్లో ఒకటి మందను వదిలి లోపలికి వెళ్ళిపోయిందట. దాన్ని తిట్టుకుంటూ, చీర బిగించి, చేతిలో పుల్లతో, తిరుపాలమ్మ నేరుగా జలాశయం నడుమకు నడుస్తోంది. యాభై మీటర్లు. వంద. ఒడ్డంతా ఊపిరి బిగబట్టింది.

"తిరుపాలమ్మా! లోతు! వెనక్కి రా!" బాలసుబ్బయ్య గారి గొంతు పగిలింది. "నలభై రెండడుగులు!"

"అక్కా, పోవద్దే! ఆడ పెద్ద చేపుండాది!" అని నారాయణ రెండు చేతులూ ఊపాడు.

ఆమెకు వినిపించలేదు. నూట యాభై. రెండు వందలు. ఇష్రత్ డ్రోన్ వైపు పరుగెత్తింది. బ్యాటరీలు రెండూ అయిపోయాయి. కాత్యాయని గారు కళ్ళు మూసుకున్నారు. తిరుపాలమ్మ ఇంకా నడుస్తూనే ఉంది. దారం నీళ్ళలోకి దిగే చోటికి చేరింది. ఆగింది. వంగింది. నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికింది. ఒడ్డున కర్ర ఒక్కసారిగా నిటారుగా లేచింది.

దారం పట్టుకొని ఆమె ఒడ్డు వైపు తిరిగి కేక వేసింది. నీళ్ళ మీద ఆ కేక తేటగా వచ్చింది.

"సార్! ఇది మీదేనా? చింతమొద్దుకు తగులుకోనుండాది! అలకు మొద్దు ఊగుతాంది! ముద్ద కరిగిపొయ్యింది!"

బర్రె ఆమె పక్కనే పడుకొని నెమరేస్తోంది. నీళ్ళు తిరుపాలమ్మ నడుము దాటలేదు. తిరుపాలమ్మ ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు.