చింతపండుతో తోమిన తూటాలు

గంగాలిన్‌లో మా గరాజు మూలనున్న నాన్న ఇనుప బీరువాను పోయిన నెల తెరవగానే, తుపాకి నూనె, పాత ఇత్తడి కలిసిన వాసనొకటి ముక్కు పట్టుకుని నన్ను నలభై ఏళ్ల వెనక్కి ఈడ్చుకుపోయింది. నా మోకాళ్లకి అంత ప్రయాణం పడదని దానికెవరు చెబుతారు?

అప్పుడు మేం మెల్‌బోర్న్‌కి చాలా దూరంలో, గోధుమ పొలాల మధ్య, మనుషులకన్నా ఈగలకే ఎక్కువ పలుకుబడి ఉన్న చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఆస్పత్రికి ఒక్కగానొక్క డాక్టరు. దోమని చంపితే మూడు రోజులు బెంగపడే ఆ మనిషికి, ఎక్కడో పొలిమేరలో నిలబెట్టిన కాగితాన్ని రైఫిల్‌తో కొట్టే పిచ్చి పట్టుకుంది. దుకాణంలో కొన్న తూటాలు ఆయన కంటికి ఆనేవి కావు. ఇత్తడి గొట్టం, నిప్పు రాజేసే ప్రైమరు, తుపాకి మందు, గుండు విడివిడిగా ఏరి తెచ్చి తనే కూర్చుకునేవాడు. చలికాలం ఆదివారాలు, బయట గడ్డి మీద మంచు పేరుకుని, లోపల యూకలిప్టస్ కట్టెల పొగా పెసరట్ల వాసనా కలిసిపోతుంటే, ఒక్కో ఖాళీ గొట్టాన్నీ బుల్లి తక్కెడలో తూచి, ఒకే బరువున్నవాటిని ఒక్కో బిస్కెట్ డబ్బాలో వేసేవాడు. గొట్టాల బరువులు కలగలిస్తే గుండు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుందట. మా ఊపిరికి ముల్లు కదులుతుందని ఇంటిల్లిపాదికీ ఊపిరి మీద నిషేధం. ఆ ఇంట్లో నేను స్వేచ్ఛగా తుమ్మింది యూనివర్సిటీకి వెళ్లాకే.

"నన్ను చూసి వెళ్లడానికి పావుగంట పట్టలేదు, ఈ గొట్టాలకి ఏడాది పెళ్లిచూపులా?" అనేది అమ్మ.

ఊళ్లోని రైఫిల్ క్లబ్బు జట్టులో నలుగురికే చోటు. ఏడేళ్లుగా నాన్నది అయిదో స్థానం, అంటే శాండ్‌విచ్‌లు మోసే స్థానం. ఆ ఏడు ఎంపిక పోటీ దీపావళి వారంలో పడింది. కుందులు తోముతున్న అమ్మకి, షెడ్డులో మూడు డబ్బాల ఇత్తడి నల్లబడి కనిపించింది. మెల్‌బోర్న్ నుంచి బంగారంలా తెచ్చి దాచుకున్న చింతపండంతా వెచ్చించి, గొట్టాలన్నీ తోమి, దుప్పటి మీద ఎండబెట్టి, ఒకే బేసిన్లో పోసింది.

పోటీ ముందురోజు సాయంత్రం ఇంటికొచ్చిన నాన్న ఆ బేసిన్ ముందు నిలబడిపోయాడు.

"ఎలా మెరుస్తున్నాయో చూశారా!" అంది అమ్మ.

నాన్న గొట్టాలకేసి చూశాడు. పులుపుకి ఒరిసిపోయిన ఆమె వేళ్లకేసి చూశాడు. "బాగున్నాయే" అన్నాడు. మళ్లీ తూచే వ్యవధి లేదు. చేతికందినవే కూర్చాడు.

మర్నాడు గుండ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. "వాట్ హ్యాపెండ్, డాక్?" అన్నాడు కెప్టెన్.

"విండ్, మేట్."

గాలి గుండుని పక్కకి తోస్తుంది గానీ పైకీ కిందికీ కాదని నాకే తెలుసు, వాళ్లకి తెలీదా? పైగా గాలివాటు చూసే జెండా తడిగుడ్డలా కర్రకి అతుక్కునుంది. అందరూ అమ్మ తెచ్చిన నిమ్మకాయ పులిహోర మీదికి వంగి, తలెత్తకుండా తిన్నారు. ఆ మరుసటి ఏడు నాన్న కంటిచూపు మందగించింది. మళ్లీ ఎంపికదాకా వెళ్లలేదు.

ఇప్పుడా కాల్పుల మైదానమంతా ఇళ్లు. క్లబ్బు లేదు, కెప్టెన్ లేడు. రైఫిల్‌ని పోలీసులకి అప్పగించే కాగితాలు పోయిన నెల డైనింగ్ టేబుల్ మీద పరిచి, సంతకం చేయాల్సిన చోటు వేలితో చూపించాను.

"ఆ రోజు గాలి లేకపోతే జట్టులో ఉండేవాణ్ణి, అమ్మలూ" అన్నాడు నాన్న, పెన్ను పట్టుకుని.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ తలెత్తలేదు. "అలాంటిలాంటి గాలా అండీ! నా పైటచెంగు పట్టుకోడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చారు."

నాన్న సంతకం పెట్టాడు.