జేబులో లేని ఫోన్ మోగుతుంటే

మొబైల్ ఫోన్లు మా వైపు కొత్తగా వచ్చిన రోజుల్లో, బాగేపల్లిలో కుర్చీ దిగకుండా ఆరు బోరు లారీలను నడిపించిన మనిషిని నేను. ఒకటి గూళూరు పక్కన, ఒకటి పరగోడులో, ఒకటి చింతామణి దారిలో. బోరు యాభై అడుగులు దిగినప్పుడల్లా నాకు ఫోన్ చేయాలని అందరికీ నియమం పెట్టాను. ఏ లారీ ఎంత లోతులో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. అంత గొప్పగా ఉన్న కాలంలోనే ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే చొక్కా జేబులో ఫోన్ వణికింది. తీయబోతే జేబు ఖాళీ.

మా అక్క చూసింది. నా భార్య పోయినప్పటి నుంచి ఆమె నా ఇంట్లోనే ఉంటోంది. నన్ను ఇంకా ముక్కు తుడవాల్సిన పిల్లవాడి కిందే లెక్కగడుతుంది.

"ఏమిరా, గుండె పట్టుకుంటాండావు?"

"ఫోన్ వచ్చిందక్కా."

"యాడ వచ్చె? అది గూట్లో ఉండాది కదా."

నవ్వేశాను. మరుసటి రోజు మళ్లీ వణికింది. తర్వాత చప్పుడు మొదలైంది. ఇంట్లో అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దూరంగా బోరు లారీ కంప్రెసర్ మోత వినిపించేది. వీధిలోకి వచ్చి చూస్తే ఏ లారీ ఉండేది కాదు.

వీటికంటే ఒక రైతు గొంతు ఎక్కువ బాధపెట్టింది. మా పనిలో డ్రిల్లర్ లోతు చెప్పి ఫోన్ రైతు చేతికిస్తాడు. రైతు ఒకటే అడుగుతాడు: "ఏమప్పా, ఆపేదా, పోయేదా?" అక్కడి రాయి నాకు కనపడదు. దుమ్ము కనపడదు. అయినా ఊపిరి తీసుకునేలోపే "పోనీండి" అనేవాణ్ణి. పరగోడులో ఒకాయనకు అట్లాగే చెప్పాను. చివరిదాకా దుమ్మే వచ్చింది, చుక్క నీళ్లు పడలేదు. ఆయన తిట్టలేదు. "సరే అప్పా" అని ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. ఆ "సరే అప్పా" మాత్రం నా చెవిలోనే ఉండిపోయింది. కొళాయి తిప్పితే అదే. బస్సు బ్రేకు వేస్తే అదే.

ఒక రోజు బాగేపల్లి బస్టాండులో ఊపిరి ఆడలేదు. చేతులు తిమ్మిరెక్కాయి, ఛాతీ బిగిసింది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్ అన్నీ చేశారు. నా చుట్టూ డాక్టర్లంతా గుమిగూడి ఆశ్చర్యపోయారని ఊళ్లో చెప్పుకున్నాను. నిజానికి ఉన్నది ఒక్క డాక్టరమ్మ. ఆమె కూడా తొందరలో ఉంది.

"గుండె బాగుంది. బీపీ ఎక్కువగా ఉంది. మీకు వచ్చింది ప్యానిక్ అటాక్. టెన్షన్ జాస్తి అయింది. దీన్ని బర్నౌట్ అంటాం."

"నీళ్లు లేక మోటర్ కాలినట్టా డాక్టరమ్మా?"

"ఇంకా కాలలేదు. వేడెక్కింది. ఆపితే చల్లారుతుంది. ఆపుతారా?"

ఆమె కూడా రైతుల మాటే అడిగింది.

ఎంత పని చేస్తారని అడిగింది. ఆరు లారీలు అన్నాను. వెనక మా అక్క దగ్గింది. పైన కూడా ఆరు అనే రాశాను కదా, నిజానికి ఉన్నవి మూడు. అందులో ఒకటి ఎప్పుడూ చింతామణి షెడ్డులో రిపేరులోనే ఉండేది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఒక నెల ఫోన్ ఇంకొకరి దగ్గర ఉండాలంది. మా డ్రిల్లర్ మునెప్పతో "అక్కడ ఉండేది మీరు, మీరే చూసుకోండి" అని ఒక్క మాట చెప్పి, ఫోన్ అక్క చేతికిచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

మొదటి వారం ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మాత్రలకు నోరు ఎండేది, కునుకు పట్టేది, కునుకులో కంప్రెసర్ మోత ఇంకా దగ్గరికి వచ్చేది. ఓర్చుకోలేక, క్షవరానికి పోతానని చెప్పి బస్టాండు దగ్గర కాయిన్ బాక్సులో రూపాయి వేశాను. మునెప్ప నంబరు మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. రాడ్డు తెగిందేమో, ఎవరి చెయ్యైనా నలిగిందేమో అనుకున్నాను. మునెప్ప లారీ ఉన్న గూళూరుకు బస్సు ఎక్కాను.

చేనులో లారీ ఆగి ఉంది. మొక్కల మీదంతా తెల్లటి దుమ్ము. బోరు మూతికి బండరాయి పెట్టేశారు. లారీ నీడలో మునెప్ప వాళ్లు, రైతు కూర్చుని రాగిముద్ద తింటున్నారు.

"ఫోన్ ఎందుకు ఎత్తలా?" అన్నాను.

మునెప్ప పక్కవాడి మొహం చూశాడు. "సిగ్నల్ లేదప్పా."

"ఎవరు ఆపమనింది?"

"నేనే అప్పా," అన్నాడు రైతు. "రాయి చూస్తిమి, ఇంగ చాలనుకుంటిమి. నీళ్లు లేకపోతే మీరేం చేస్తారు? రాండి, ముద్ద తిందురు."

కూర్చున్నాను. నేను చెప్పినప్పుడు వచ్చిన దుమ్మే, నేను చెప్పకపోయినా వచ్చింది. తిరుగు బస్సులో కిటికీ కమ్మీకి తల ఆనించి నిద్రపోయాను. బాగేపల్లి దాటిపోయాక కండక్టరు లేపాడు.

ఇప్పుడు లారీలు మునెప్పే చూసుకుంటున్నాడు. బీపీ మాత్ర ఒక్కటే మిగిలింది. జేబుల్లేని చొక్కాలు కుట్టించుకున్నాను. అయినా కొన్ని మధ్యాహ్నాలు ఛాతీ మీద వణుకుతుంది. "సరే అప్పా" వినిపిస్తుంది. డాక్టరమ్మ నేర్పినట్టు మెల్లగా ఊపిరి వదులుతూ, ఆ గొంతు ఆగేదాకా కూర్చుంటాను.

దూరాన మనుషులను పెట్టుకుని పని నడిపేవారికి నేను చెప్పేది ఒకటే. ఏది మిమ్మల్ని అడక్కుండా వాళ్లే తేల్చుకోవచ్చో ముందే చెప్పండి, ఆ తర్వాత మీరు ఫోన్ చేయకండి. నేను ఆ మాట చెప్పి, మనసు రాయి చేసుకున్నాను కాబట్టే ఈ రోజు ఇది రాస్తున్నాను.

ఇంతవరకు అక్కకు చదివి వినిపించాను. ఆమె అనపకాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే అంది:

"ఆ మాట చెప్పింది నువ్వు కాదురా. ఫోన్ నా చేతికిచ్చి, 'నిద్రపోతాంటే గూడా లేపి అడుగక్కా' అంటివి. ఆపేదా, పోయేదా అని మునెప్ప నాకు చేసె. 'ఆడ ఉండేది మీరు, మీరే చూసుకోండప్పా' అని నేను చెప్పినా. కాయిన్ బాక్సు నుంచి వస్తే ఎత్తొద్దని గూడా నేనే చెప్పినా. సిగ్నల్ బాగానే ఉండె. అది రాయి ముందు."