నూకాలమ్మ వెనక్కి తిరగలేదు

మొన్న నేను సిటీ బస్సు ఎక్కేసరికి కండక్టరు ఒక ముసలామెను దింపేస్తున్నాడు. ఆమె చంకలో చేపల గంప. "దిగు దిగు, బస్సంతా నీసు కంపు కొడతంది, ఆటోలో రా" అని కసిరాడు. ఆమె దిగింది గానీ వాసన దిగలేదు. ముందు సీట్లలో వాళ్ళు చున్నీలు, రుమాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. కానాగంత చేపలే, సందేహం లేదు. పక్క సీటామె నన్ను అదోలా చూసింది. ఆమెకేం తెలుసు, ఆ వాసన తగిలితే నాకు ధైర్యం వస్తుందని! నా పదో ఏట, నేను చెప్పిన మాటను మొట్టమొదట నమ్మిన మనిషి ఒంటి వాసన అది. ఆమె పేరు నూకాలమ్మ. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక కూర్మన్నపాలెం దగ్గర ఇల్లు తీసుకున్నాం. తొంభైల నడుమ మాట ఇది. మా కాలనీ చివర ఒక ఆశ్రమం ఉండేది. నాన్న అక్కడ ఉపదేశం తీసుకుని చేపా మాంసం మానేశాడు, పనిలో పనిగా మా అందరి చేతా మాన్పించాననుకున్నాడు. అమ్మ ఏమీ వాదించలేదు. నాన్న పొద్దున షిఫ్టుకు వెళ్ళిన రోజుల్లో పెరటి గుమ్మం తీసి పెట్టేది, అంతే. తీరం మీది పల్లె నుంచి ఆటోలో గంప వేసుకుని వచ్చే నూకాలమ్మకు అదే సైగ. మధ్యాహ్నం నాన్న వచ్చేసరికి కూర మా కడుపుల్లోనూ, అగరొత్తుల పొగ ఇంటి నిండానూ ఉండేవి. "మీ అమ్మకి భక్తి పెరిగింది" అని నాన్న మురిసిపోయేవాడు.

నూకాలమ్మ బట్టలుతికే రాయి పక్కన కత్తిపీట వేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చునేది. చేప జారకుండా చేతులకు బూడిద రాసుకునేది. "నా ఎదర కూకోకు పాపా, పొలుసు కళ్ళల్లో పడతాది. ఎనకాల కూకో" అనేది. అందుకని నేనెప్పుడూ ఆమె వెనక, గుమ్మం మీద కూర్చునేదాన్ని. మా కబుర్లన్నీ ఆమె వీపుతోనే. స్కూలు సంగతులు, స్నేహితుల మీద చాడీలు, లెక్కల మాస్టారి మీద నా కక్ష, అన్నీ ఆ వీపుకు తెలుసు. ఆమె కూడా ఆశ్రమ భక్తురాలే. గురువారం సాయంత్రం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని భజనకు వచ్చేది. ఎంత స్నానం చేసినా ఆమెను చెప్పులు విడిచే చోటే కూర్చోబెట్టేవారు. అందరికంటే పెద్ద గొంతు ఆమెది కాబట్టి పాట మాత్రం ముందు వరసకు చేరిపోయేది.

వేసవి సెలవుల్లో ఆశ్రమంలో పిల్లలకు శ్లోకాల తరగతి పెట్టారు. చెప్పేది చిన్నస్వామి. ఆయన నాపట్ల ఏం చేశాడో ఇక్కడ రాయను. చెప్పవలసిన చోట చెప్పాను, అది చాలు. నాకు తెలిసిందల్లా, అది తప్పనీ, ఆ తప్పు నాదేననీ. ఆయన అలాగే చెప్పాడు. బయటకు చెబితే నాన్నకు కీడు జరుగుతుందన్నాడు. నాన్న పనిచేసేది కరిగిన ఇనుము దగ్గర. కీడు ఎలా జరుగుతుందో ఊహించుకోవడానికి పదేళ్ళ పిల్లకు పెద్ద తెలివి అక్కర్లేదు. పదకొండు రోజులు నోరు కుట్టేసుకున్నాను. పన్నెండో రోజు పొద్దున అమ్మ లోపల మసాలా నూరుతోంది, నూకాలమ్మ చేప కోస్తోంది. నా నోరు ఎందుకు తెరుచుకుందో ఇప్పటికీ తెలియదు. బహుశా నాకు కనిపిస్తున్నది ముఖం కాక వీపు కావడం వల్లే కావచ్చు. మొదటి మాట వచ్చాక మిగతావి వాటంతట అవే వచ్చాయి.

ఆమె చెయ్యి ఆగలేదు. కత్తిపీట మీద చేప తెగుతూనే ఉంది. మధ్య మధ్య "ఊఁ" అంటోంది. ఒకసారి నేను మధ్యలో ఆగిపోయాను. అప్పుడు, ఇంకో వీశెడు చింతపండు ఉందా అని అడిగినంత మామూలుగా, "ఊఁ, మరి?" అంది. అంతా చెప్పేశాను. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కష్టంగా కూడా అనిపించింది. ఇంత మాట చెబుతుంటే ఈమె చేపలు కోసుకుంటుందేమిటా అని. అప్పుడామె లేచి, కుళాయి దగ్గర సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, పమిటతో తుడుచుకుని, వచ్చి నా ఎదుట గొంతుక్కూర్చుంది. అంతవరకూ ఆ కళ్ళను అంత దగ్గరగా నేను చూడలేదు. "పాపా, నువ్వు సెప్పింది నాను నమ్ముతన్నాను. నీ తప్పేటీ నేదు. మీ నాన్నకి ఏటీ అవదు. మీయమ్మకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమన్నావా?" అంది. నువ్వే చెప్పమన్నాను. ఆమె మొట్టమొదటిసారి మా వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళింది. ఆనాటి చేప ముక్కలు గోరంత గోరంత ఉన్నాయని అమ్మ తరవాతెప్పుడో చెప్పింది.

షిఫ్టు దిగి నాన్న వచ్చేదాకా నూకాలమ్మ కదలలేదు. గంపలో మిగిలిన చేపలు ఎండకు పాడైపోతున్నా పట్టించుకోలేదు. నాన్న ఇంట్లోకి అడుగుపెట్టి, పెరట్లో గంప చూసి, గిన్నె మూత తీసి చూసి, మొట్టమొదట అన్న మాట ఏమిటో తెలుసా? "ఇంట్లో చేపలా!" పిల్లకు జరిగింది వినకముందే ఆయన నియమానికి దెబ్బ తగిలింది. అమ్మ జీవితంలో ఎన్నడూ లేనిది గొంతు పెంచింది. "చేపల సంగతి రేపు తిట్టండి. ముందు పిల్ల సంగతి వినండి." విన్నాడు. విని, "స్వామివారిని శంకించడమే పాపం. పిల్ల ఏదో కలగని ఉంటుంది" అన్నాడు. నూకాలమ్మ, "కలైతే పొద్దున్నకి మరిసిపోద్ది బాబూ. ఈ గుంటపిల్ల పన్నెండు రోజులు మొయ్యదు" అంది. నాన్న నా ముఖం వైపు చూడలేకపోయాడు. గోడ మీద గురువుగారి పటం వైపూ చూడలేకపోయాడు.

రెండు రోజులకు ఆశ్రమంలో పెద్దలు కూర్చున్నారు. నాన్న కూడా ఆ కమిటీలో ఒకడు. ఎక్కడినుంచో ఆశ్రమాధిపతి పెద్దస్వామి కూడా వచ్చాడు. అమ్మనూ నన్నూ పక్క గదిలో కూర్చోబెట్టారు. తలుపు తీసే ఉంది, మాటలన్నీ వినబడుతున్నాయి. "పాపను పిలవండి. ఆమె నోటితోనే వింటాం" అన్నారెవరో. అప్పుడు చెప్పుల దగ్గరినుంచి నూకాలమ్మ లేచి, హాలంతా దాటి వచ్చి, మా గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మళ్ళీ నాకు వీపే కనిపించింది. "నాకు సెప్పింది. నాను సెప్తాను. మీరందరూ తలోసారి సెప్పించుకోడానికి ఇది కత కాదు. ఆ గుంట మళ్ళీ సెప్పాల్సొస్తే పోలీసోళ్ళకి సెప్తాది. నాను పక్కన కూకుంటాను."

"చేపలమ్ముకునేదానివి, ఆశ్రమం మర్యాద నీకేం తెలుసు?" అన్నాడొక పెద్దమనిషి. "మర్యాద నాకు తెల్దు బాబూ. కుళ్ళిన సేప తెలుసు. దాని మీద మీరు ఐసు ఏత్తన్నారు" అంది. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పెద్దస్వామి శాంతంగా, చెవులకు చల్లగా ఉండే గొంతుతో చెప్పాడు. కేసులంటే ఆడపిల్ల పేరు వీధిన పడుతుంది, వేలమంది విశ్వాసం చెదురుతుంది, చిన్నస్వామిని వేరే జిల్లాలో ఉన్న తమ ఆశ్రమానికి పంపేస్తాం, అక్కడ తపస్సు చేసుకుంటాడు అని. హాలంతా తలలూపింది. నాన్న తల కూడా ఊగిందేమో నాకు తెలియదు. అప్పుడు నూకాలమ్మ ఒక్కటే అడిగింది.

"అక్కడ పిల్లలు నేరా సామీ?"

నాన్న లేచాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. చెప్పులు విడిచే చోటికి వెళ్ళి, అన్ని జతల్లో వెతికి నా చెప్పులు పట్టుకొచ్చి, నా కాళ్ళ దగ్గర పెట్టాడు. "పద తల్లీ, స్టేషనుకి వెళదాం" అన్నాడు. మా నాన్న మీద నాకున్న కోపమంతా సగానికి తగ్గింది ఆ క్షణంలోనే. మిగతా సగం తగ్గడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కేసు పెట్టింది మేమైతే, కక్ష అంతా నూకాలమ్మ మీద తీర్చుకుంది కాలనీ. మెత్తని వాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గదా. ఆమె వాడుక ఇళ్ళు ఒక్కొక్కటే తలుపులు వేసేశాయి. దేవుడి మీద నింద వేసిన దాని చేతి చేప తినకూడదట. ఆమె మాత్రం రోజూ అదే వీధుల్లో, అదే పెద్ద గొంతుతో "సేపలో" అంటూ తిరిగేది. కొననివాళ్ళ గుమ్మం ముందు కూడా ఆగి, "పిల్లల్ని ఓపాలి అడగండమ్మా, కొట్టకుండా అడగండి" అని చెప్పి వెళ్ళేది. నెల తిరక్కుండా మరో ఇద్దరు తల్లులు పెరటి తలుపులు తీశారు. వాళ్ళు తీసింది చేపలకోసం కాదు, తమ పిల్లలు చెప్పింది చెప్పడానికి.

కోర్టులో నూకాలమ్మను పిలిచేనాటికి నాకు పదమూడేళ్ళు. నేనూ అమ్మా బయట వరండాలో ఉన్నాం, నాన్న లోపల ఉన్నాడు. బయటకు వచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవతలి లాయరు ఆమెను నిలదీశాడట. "పాప అంత ఘోరం చెబుతుంటే నువ్వు చేపలు కోస్తూనే ఉన్నావన్నమాట. నిజమని నమ్మి ఉంటే పని ఆపవా? కనీసం వెనక్కి తిరగవా?" దానికి ఆమె ఇచ్చిన జవాబును నాన్న ఆమె యాసలోనే చెప్పాడు. ఇన్నేళ్ళున్నా ఈ ఊరి యాస అంటని మనిషి, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు. "నాను తిరిగితే గుంట నా మొగం సూసి ఆపేత్తాది బాబూ. అందికే తిరగనేదు. సేప అయిపోయినా ముక్కల్నే మళ్ళీ కోత్తా ఉన్నాను." నాకు కష్టంగా అనిపించిన ఆ వీపు, నాకోసం ఎంత బిగబట్టుకుని ఉందో అప్పుడు తెలిసింది. చిన్నస్వామికి శిక్ష పడింది. ఆశ్రమం ఈనాటికీ ఒక్క క్షమాపణ చెప్పలేదు. పిల్లల తరగతి ఎత్తేసి, అదేదో తమ దయ అన్నట్టు ఊరుకున్నారు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పడానికి నూకాలమ్మ పల్లెకు వెళ్ళాను. అప్పటికి ఆమె గంప దించేసింది, మోకాళ్ళు పోయాయి. ఇంటి ముందు నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి సంబరపడి, సున్నుండ పెట్టి తినమంది. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను. "ఆరోజు వెనక్కి తిరగకూడదని నీకెవరు నేర్పారు నూకాలమ్మా?" ఆమె నవ్వు ఆగిపోయింది. వంగి నెత్తళ్ళు తిరగేయడం మొదలుపెట్టింది. నేను సున్నుండ పక్కన పెట్టి, ఆమెకు ఎడంగా కూర్చుని, నేనూ నెత్తళ్ళు తిరగేస్తూ ఉండిపోయాను.

"నా కూతురు," అంది చివరికి. "మా పల్లెలో బజన పెట్టినప్పుడు ఆ సామే ఒచ్చేవోడు. అప్పుడు దానికీ పదేళ్ళే. నాను సేప కోత్తంటే ఎనకాల కూకుని ఏదో మొదలెట్టింది. నాను గబుక్కున లేచిపోయి, ఏటే నువ్వనేది, సామినేటే, అని నోటి మీద కొట్టేసాను. అంతే. ఇంక సెప్పనేదు. పెళ్ళయింది, పిల్లలున్నారు, ఇప్పటికీ నాతో సేపల మాట తప్ప మరేటీ మాటాడదు. అప్పుడు నాను ఇని ఉంటే ఆడు మీ కాలనీకి ఒచ్చేవోడే కాదు. నీకు జరిగిన దాంట్లో నా తప్పుంది పాపా."

నాకు ఒక్క క్షణం కోపం వచ్చింది, దాచను. ఆ వెంటనే దుఃఖం వచ్చింది. ఆ తరవాత వచ్చిందేదో దానికి నా దగ్గర మాట లేదు. కొండంత మనిషి ముందు కూర్చున్నట్టనిపించింది. అంతమంది పెద్దలూ కాషాయాలూ కమిటీలూ కలిసి కూడా అనలేకపోయిన ఒక్క మాటను, ఎవరూ అడక్కుండా, చేపలు ఎండబెట్టుకుంటూ ఆమె అనేసింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ సాయంత్రం వరకూ వదల్లేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేను ఇదే ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటున్నాను. బడి వదిలాక ఏ పిల్లయినా నా బల్ల పక్కన ఊరికే నిలబడితే నేను తల ఎత్తను. ఎర్రపెన్ను ఆపకుండా నోటుపుస్తకాలు దిద్దుతూ "ఊఁ, మరి?" అంటాను. చాలామంది తోటి పిల్లల మీద చాడీలు చెప్పో, మార్కులు అడిగో వెళ్ళిపోతారు. పోయిన ఏడాది ఒక పిల్ల వెళ్ళలేదు. ఆ పిల్ల మాట పూర్తయ్యేసరికి నా ముందున్న పుస్తకాలు అయిపోయాయి, దిద్దినవే మళ్ళీ దిద్దాను. అప్పుడు పెన్ను మూతపెట్టి, తల ఎత్తి, నమ్ముతున్నానని చెప్పాను.