వదిన చెట్లూ, రెండు తలల వైరూ

"కంప్యూటర్ కిందికి దించు. వచ్చేస్తున్నాం" అని ఫోన్లో అరిచి పెట్టేశాడు మా ఆయన. ఎందుకో చెప్పే అలవాటు వాళ్ళింట్లో ఎవరికీ లేదు.

వాళ్ళిల్లంటే ముందు మా వదినే. మా ఆయనకు అక్క. ముప్పై ఏళ్ళుగా నర్సరీ కోసం విత్తనాలు సేకరిస్తోంది. కొండల్లో తిరిగి, మంచి విత్తనమిచ్చే తల్లి చెట్లను వెతకడం ఆమె పని. ఆమెను జీపులో తిప్పడం మా ఆయన పని. నర్సరీ ఆఫీసు మేడ మీద కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఇద్దరి మీదా విసుక్కోవడం నా పని.

చెట్టు దొరికినప్పుడల్లా వదిన చేతిలోని జీపీఎస్ మీట నొక్కుతుంది. ఆ చోటు అందులో చుక్కగా నిలిచిపోతుంది. రెండేళ్ళలో రెండువందల పద్నాలుగు చెట్లు. కాగితం మీద ఒక్కటీ రాయలేదు. కంప్యూటర్లోకి ఎక్కిస్తాను ఇమ్మంటే "రేపు చూద్దాంలే" అనేది. ఎక్కించేస్తే ఇక తనతో ఎవరికీ పనుండదని ఆమె భయం. దానికి తోడు ఈ మధ్య ఆమెకు దారులు గుర్తుండటం లేదు. మోకాళ్ళ నొప్పులని బుకాయిస్తుంది గానీ, మా పక్క వీధిలో నిలబడి మా ఇల్లెటని ఫోన్ చేసిన రోజే నాకు అర్థమైంది. ఆ డబ్బాలోవి పోతే ఆ చెట్లను మళ్ళీ పట్టుకోవడం ఆమె తరం కాదు.

తిట్టుకుంటూనే మేడ మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాను. గేటు దగ్గర బల్ల వేసి, కంప్యూటర్ దాని మీద పెట్టి, కాపలా గదిలోంచి కరెంటు లాగేసరికి జీపు వచ్చి ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు. ముందు సీట్లో వదిన, నిండు గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతులతో జీపీఎస్ పట్టుకుని కూర్చుంది.

"పొద్దున బ్యాటరీలు మారుద్దామని మూత తీశానే. లోపలంతా చిలుం పట్టి స్ప్రింగు ఊడి చేతికొచ్చింది. జీపు వైరు తగిలించి ఉంది కాబట్టి ఇంకా బతికుంది. అది తీశామా, అన్నీ పోతాయి."

"అని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? గోడ గడియారంలో బ్యాటరీ తీస్తే టైము పోవట్లా?"

నిజం చెప్పొద్దూ, నాకూ అది సబబుగానే తోచింది. నాలుగు గంటలపాటు ఇంజను ఆపకుండా వచ్చారట.

ఆ వైరు ఒక కొస జీపీఎస్‌లో ఉంటే, రెండో కొస రెండుగా చీలింది. ఒక తల జీపులో సిగరెట్ లైటర్ బెజ్జంలో ఉంది. రెండోది కంప్యూటర్‌కి. పొడవు చాలక బల్లను జీపు తలుపు దాకా జరిపి తగిలించాను. కంప్యూటర్ మాత్రం ఏ పరికరమూ దొరకలేదంది. వైరు ఏ బెజ్జంలో ఉందో కంప్యూటర్‌కి చెప్పే పోర్టు నంబరు ఒకటి పెట్టి చూశాను, రెండు పెట్టి చూశాను. కాదంది.

అప్పుడు మా ఆయన, బండి ఆగితే తాళం తియ్యడం పదిహేనేళ్ళ అలవాటు కదా, తాళం తిప్పి చేతిలోకి తీసుకున్నాడు.

ఇంజను ఆగింది. జీపీఎస్ తెర నల్లబడింది.

"మీ చెయ్యి పడిపోను! కాసేపు ఊరుకోలేరా?" అని నేను కేకలేశాను. వదిన మాత్రం తిట్టలేదు. తిట్లకు ఏ రోజూ కరువులేని మనిషి, ఆ నల్లటి తెరకేసి చూస్తూ ఉండిపోయింది. నాకు భయమేసింది అది చూసే.

మా ఆయన మళ్ళీ తాళం పెట్టి సగం తిప్పాడు. తెర వెలిగింది. నేను పోర్టు నంబరు మూడు చేసి మళ్ళీ నొక్కాను. ఈసారి కంప్యూటర్ కాదనలేదు. ఒక్కొక్క చుక్కే పటం మీదకు వచ్చింది. కింద అంకె చూశాను. రెండువందల పద్నాలుగు.

"అన్నీ ఉన్నాయి వదినా! కరెంటు పోయినా ఇందులో రాసింది పోదు. మీరు ఇంజను ఆపకుండా వచ్చింది ఉత్తి పుణ్యానికే!"

బతుకు జీవుడా అనుకుంటూ జీపు మెట్టు మీద కూలబడ్డాను. మా ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఎందుకో నవ్వుతూనే ఉన్నాడు. వదిన జీపు దిగి వచ్చి, పటం మీది చుక్కలను వేలితో తడిమింది.

"ఒరేయ్ తమ్ముడూ, నాకీ మధ్య దారులు గుర్తుండటం లేదురా" అంది. "మీకు చెప్పలేదు."

"తెలుసక్కా. ఏడాదైంది. నువ్వు మలుపు చెప్పేలోపే తిప్పేసి, నువ్వు చెప్పినట్టే అనేవాణ్ణి. కానీ బండి దిగాక ఏ చెట్టు ఎక్కడుందో నాకూ తెలీదు. అందుకే ఇందాక నా పై ప్రాణాలు పైనే పోయాయి."

"ఏడాదా!" అని వదిన మా ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, "ముందే చెప్పి ఏడవచ్చుగా వెధవా! ఏడాదిగా ఎంత భయపడి చచ్చానో" అంటూ భోరుమంది.