నంద్యాలలో కరపత్రం, ఆళ్లగడ్డలో కంపోజిటర్

ఈ ప్రయాణానికి కారణం ఒక్క కాగితం. మన ప్రాంతంలో పుట్టి, కొన్నాళ్లు హడావుడి చేసి, ఆనవాలు లేకుండా పోయిన తీవ్ర మితవాద గుంపుల చరిత్రను మూడేళ్లుగా రాస్తున్నాను. మతం పేరు చెప్పి పక్కింటివాడి మీద పగ పెంచడం తప్ప వేరే పని లేని చిన్న గుంపులవి. మొదట్లో ఉత్సాహంగానే ఉండేది. ఇప్పుడు లేదు. ఏ కాగితం చూసినా అవే తిట్లు, అవే భయాలు. రాసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. చదివి చదివి మనసు మొద్దుబారింది. నంద్యాలలో ఒక పాత ప్రెస్సు యజమాని తాను అచ్చేసిన ప్రతిదానికీ ఒక కాపీ దాచిపెట్టాడని తెలిసినప్పుడు కూడా, మళ్లీ బస్సెక్కాలా అన్న నీరసమే ముందొచ్చింది.

కర్నూలులో ఉదయం ఆరున్నరకు ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎనిమిదిన్నర దాటాక నంద్యాలలో దిగాను. ఆధార్ చూపించాను కనుక నాకు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు. మగవాళ్లయితే నూట ముప్పై దాకా చేతిలో పెట్టుకోవాలి. బస్టాండు బయట రెండిడ్లీ తిని, టీ తాగి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ అడ్రసు విని, "ఆ ప్రెస్సు ఇప్పుడు ఫ్లెక్సీల షాపు మా. పెద్దాయప్ప మిద్దె మీద ఉంటాడు. యాభై ఇయ్యి, ఆడ్నే దించుతా" అన్నాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

ప్రెస్సు యజమాని రంగయ్య శెట్టికి ఎనభైకి దగ్గర. మనిషి పలచన, చూపు మాత్రం చురుకు. గది నిండా ఇనుప తీగలకు గుచ్చిన కాగితాల దొంతరలు: పెళ్లి పత్రికలు, సినిమా పోస్టర్లు, ఎరువుల కొట్టు బిల్లులు. వాటి మధ్య గంటన్నర వెతికితే నాకు కావలసిన కరపత్రం దొరికింది. ఫలానా మతంవాళ్ల దుకాణాల్లో గుండుసూది కూడా కొనొద్దని ఊరికి ఆజ్ఞ. కింద సంతకం 'మీ క్షేమం కోరేవారు' అని. ఫోటోలు తీసుకుంటుంటే శెట్టిగారే మొదలుపెట్టారు.

"నేనది సదవలేదు మా. మాటరు ఇచ్చినారు, కంపోజింగుకు పంపిచ్చినా. అంతే."

నేను అడగనేలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను కానీ, ఆ వయసు మనిషితో వాదన ఎందుకని ఊరుకున్నాను. అక్షరాలు పేర్చింది ఎవరని అడిగాను.

"మస్తాను." ఆయన కాగితాన్ని మళ్లీ తీగకు గుచ్చారు. "వాళ్లోళ్ల మీదనే రాసింది, వాడే కంపోజు చేసినాడు. ఇప్పుడు ఆళ్లగడ్డలో ఉండాడు. నువ్వు పోతాండావు కదా, నేను సదవలేదని వానికి చెప్పు. ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి."

"మీరే చెప్పొచ్చు కదా?"

"పెండ్లిళ్లలో కలుస్తాండాం. ఆ మాట మాత్రం నోట్లోనుంచి రాదు మా. నాకు దినాలు దగ్గరపడినాయి. వాడు నన్ను ఏమనుకుంటాండాడో తెలుసుకోకుండా పోలేను."

నా పరిశోధనకు వెళ్లినదాన్ని ఇంకొకరి సంజాయిషీ మోసుకుని పదకొండున్నర బస్సెక్కాను. ఆళ్లగడ్డ గంట ప్రయాణమే. శిరివెళ్ల దగ్గర ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. నడుం నొప్పి. కిటికీ పక్క సీటు దొరికిందన్న సంతోషం ఎండ మొహాన కొట్టగానే పోయింది.

మస్తాన్ గారి ఇల్లు శిల్పాలు చెక్కే షెడ్డు వెనక ఉంది. రాయి కోసే మిషన్ల మోతలో మాట వినపడదు. ఒంటిగంటకు అవి అన్నానికి ఆగాక అరుగు మీద కూర్చున్నాం. డెబ్బై దాటినా వేళ్లు ఊరికే ఉండవు, మాట్లాడుతున్నంతసేపూ గాలిలో ఏదో పేరుస్తూనే ఉంటాయి. ఫోన్‌లో కరపత్రం చూపించాను. కళ్లజోడు కూడా అడగలేదు.

"ఇదా. సీసం అక్షరాలు పేర్చేటప్పుడు మేం సదవం మా. చెయ్యి పోతాంటాది. దీన్ని మాత్రం సదివినా."

"మరి ఎందుకు చేశారు?"

"నేను కాకుంటే ఇంకొగడు చేస్తాడు. ఇంట్లో ముగ్గురు పిల్లోళ్లు." ఆయన గొంతులో బాధ లేదు, అలసటే ఉంది. "మా బామ్మర్దికి గాజులంగడి ఉండె. ఈ కాగితం పంచినాక ఆర్నెల్లు బేరం లేదు. మూసేసి ఈడికొచ్చినాడు. నేను పేర్చిన అక్షరాలే అని వానికి ఇంతవరకు చెప్పలా."

శెట్టిగారి మాట చెప్పడం నాకే ఇబ్బందిగా అనిపించింది. అయినా ఒప్పుకున్న పని కదా, చెప్పేశాను. మస్తాన్ గారు కోప్పడలేదు.

"పన్నెండేండ్లు చేసినా ఆడ. ఏ పొద్దూ తిన్నావా అని అడిగినోడు కాదు. ఇది పేర్చిన పొద్దు వాళ్లింట్లోనుంచి చిత్రాన్నం తెప్పిచ్చి, పక్కన కూచోబెట్టుకుని తినిపిచ్చినాడు. ఒక్క మాట మాట్లాడలా. సదవకుండానే పెట్టినాడా మా? బాగుండానని చెప్పు ఆయప్పకు."

ఆళ్లగడ్డ బస్టాండులో మూడింటి బస్సు కోసం నిలబడి శెట్టిగారికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. మంచి మాటలు కలిపి చెప్పే శక్తి నాకు లేదు. మస్తాన్ గారు బాగున్నారని చెప్పాను. ఆ రోజు మీరు పెట్టిన చిత్రాన్నం ఆయనకు గుర్తుందని కూడా చెప్పాను.

"చిత్రాన్నం కాదు మా," అన్నారు. "గోంగూర పప్పు. వాడు రెండోసారి పెట్టిచ్చుకోలా."

ఫోన్ పెట్టేశారు.

మూడేళ్లు నాయకుల ఉపన్యాసాలు పోగేశాను. ఇలాంటివి ఊళ్లో ఎలా సాగాయో వాటిలో ఒక్కటీ చెప్పలేదు. ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ నోరు మూసుకుని, ఒకే చోట అన్నం తిని, మళ్లీ పనిలో కూర్చుంటే సాగాయి. ఇది రాయాలంటే నాకు భయంగా ఉంది, ఎందుకంటే ఆ రోజు ఆ ప్రెస్సులో నేనున్నా అంతకంటే గొప్పగా ఏమీ చేసి ఉండనని తోస్తోంది. ఇదే పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ప్రెస్సులో కాగితం దొరకగానే వెనక్కి తిరగకండి. దాన్ని పేర్చినవాళ్లు ఎక్కడున్నారో అడిగి, ఒంటిగంట లోపు వాళ్ల ఊరు చేరుకోండి. రెండింటికి ఆళ్లగడ్డలో రాళ్ల మిషన్లు మళ్లీ మొదలవుతాయి, ఆ తర్వాత ఎవరి మాటా వినపడదు.